కళింగపు నాణెము – కనబడని అంగడి

చిటికెనవ్రేలి గోరుకంటెను చిన్నదై, బరువున అరగ్రామైనను తూగని బంగారు పణమొకటి, ఒకవైపు కాళ్ళు ముడుచుకొని పరుండిన నందిని, రెండవవైపు 'స' అను అక్షరమును, రాజ్యసంవత్సరమును తెలుపు అంకెను ధరించి, ఎనిమిది తొమ్మిది శతాబ్దములకు పూర్వము వంశధారాతీరమునందలి అంగళ్ళలో చేతులు మారుచుండెడిది. నేడు ఆ పణమే, లేక ఆ పణమని చెప్పబడు లోహపు తునక, సెల్‌ఫోను తెరమీద అరచేయియంత ప్రమాణమున మెరయుచు, 'తూర్పు గాంగుల అసలు నాణెము, ఇదొక్కటియే మిగిలినది, నేడే కొనుడు' అను ప్రకటనతో, ఎవరో ఎరుగని విక్రేతనుండి ఎవరో ఎరుగని క్రేతకు చేరుచున్నది. కొనువాడు తన చేత తూచి చూడజాలని, అమ్మువాని ముఖమెరుగని, దొరికిన చోటు తెలియని నాణెమును కేవలము చిత్రమును నమ్మి కొనుట ధనహాని మాత్రమే కాదనియు, ఉత్తరాంధ్రమువంటి ప్రాచీనభూమికి అది చరిత్రహాని కూడ ననియు విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

శ్రీకాకుళ విజయనగర మండలములు నాణెముల విషయమున సామాన్యమైన నేల కాదు. తూర్పు గాంగులకు రాజధానియైన కళింగనగరము నేటి శ్రీముఖలింగమే. 1078లో పట్టాభిషిక్తుడై ఏడు దశాబ్దములకు దాపుగా ఏలిన అనంతవర్మ చోడగంగదేవుని రాజ్యము ఇచ్చటినుండియే ఉత్కళమునకు వ్యాపించినది. వంశధార సముద్రమున కలియు చోట కళింగపట్నపు రేవు, దాని కెగువన కొండమీద శాలిహుండపు బౌద్ధారామము, విజయనగరమునకు చేరువన రామతీర్థమునందలి గురుభక్తులకొండ, ఇవన్నియు వర్తకులును యాత్రికులును శతాబ్దములతరబడి రాకపోకలు సాగించిన చోటులు. ధనము చేతులు మారిన చోట కొంత నేలపాలగుట సహజము. ఇట్టి నేలను దున్నునపుడో, పునాది త్రవ్వునపుడో, చెరువు పూడిక తీయునపుడో పాతనాణెము బయటపడినచో ఆశ్చర్యపడవలసినది లేదు. ఇక ఇండ్లలోని భోషాణములను, అవ్వల కాసులపేరులను వెదకినచో విక్టోరియా రాణి బొమ్మగల వెండి రూపాయలు, అణాబిళ్ళలు, చిల్లికాణీలు నేటికిని కానవచ్చుచునే యున్నవి. అమ్మదగిన వస్తువు, కొనవలెనను కోరిక, రెండును ఇచ్చట పుష్కలముగా నున్నవి గనుకనే మోసమునకును ఇచ్చట చోటు హెచ్చు.

ఈ నేలమీది ప్రాచీనవస్తువును ఎట్లు చదువవలెనో నేర్పినవారు కూడ ఈ నేలవారే. శ్రీముఖలింగమునకు సమీపమున వంశధార యొడ్డునగల పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, గురువు లేకయే ప్రాచీనలిపిని స్వయముగా అభ్యసించి, ముఖలింగాలయమునందలి శాసనములను చదివి, ముఖలింగమే కళింగనగరమని సప్రమాణముగా వాదించిరి. గాంగరాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా అను శాసనపత్రికలో ప్రకటించిరి. 1919లో శాలిహుండపు బౌద్ధక్షేత్రమును లోకమునకు తెలియజేసినవారును వారే. విజయనగరమున వారికి సహాధ్యాయియైన గురజాడ అప్పారావుగారు సంస్థానమునకు శాసనపరిశోధకులుగా పనిచేసిరి. ఈ మహనీయులు శాసనమునకు విలువ కట్టిన పద్ధతి ఎట్టిదనగా, అది ఎచ్చట నున్నదో చూచుట, దానిని స్వయముగా పరీక్షించుట, దానివంటి ఇతరములతో పోల్చుట, తమ నిర్ణయమును నలుగురు పండితుల యెదుట పెట్టి తప్పున్నచో దిద్దుకొనుట. ఎచ్చటిది, ఎవరు చూచిరి, దేనితో పోల్చిరి, ఎవరు పూచీ అను ఈ నాలుగు ప్రశ్నలకును ఆన్‌లైను అంగడిలో ప్రకటింపబడు నాణెము సామాన్యముగా ఒక్క సమాధానమైనను ఇయ్యదు.

గాంగుల పణమునే విచారింతము. ఆ నాణెముమీద రాజు పేరు లేదు. నంది, అంకుశము మొదలగు చిహ్నములును, 'స' అను అక్షరమును, అంకెయును తప్ప అది మరేమియు చెప్పదు. మూడవ సంవత్సరమని యున్న పణము ఏ రాజు మూడవయేడైనను కావచ్చును. అది ఎవరి కాలపుదో నిర్ణయింపవలెనన్నచో అది దొరికిన గుంపును, దొరికిన గ్రామమును, అక్షరముల పోకడను, తూకమును కలిపి చూడవలెను. ఇంతటి విచారణ కావలసిన వస్తువును గూర్చి 'ఇది చోడగంగుని నాణెమే' యని రెండు మాటలలో తీర్మానించి ధర నిర్ణయించువాడు, నాణెము చెప్పినదానికంటె మిక్కిలి హెచ్చు చెప్పుచున్నాడనుట స్పష్టము. చిత్రమున అది పదింతలై కనబడును గాని, పోతపోసినపుడు ఏర్పడు సన్నని బుడగలును, అంచున ఆకురాయి గీతలును, వెలుతురును సవరించిన ఆ చిత్రమున మాయమగును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఇట్టి పణములో నుండు బంగారము మిక్కిలి స్వల్పము. దాని ధరలో సింహభాగము చరిత్రకు చెల్లించు మూల్యమే. కావున నకలు చేయువాడు నిజమైన బంగారముతోనే దానిని చేసినను నష్టపడడు. అట్టి నాణెమును షరాబు గీటురాయిమీద గీసి, ఇది మేలిమి బంగారమే యని చెప్పును; కొన్నవాడు సంతసించును. గీటురాయి జాతిని తెలుపును గాని వయస్సును తెలుపదు.

ఈస్టిండియా కంపెనీ పేరిట అమ్మబడు రాగిబిళ్ళల కథ ఇంతకంటె ఘోరమైనది. శ్రీరామ పట్టాభిషేకము, ఆంజనేయుడు, లక్ష్మీదేవి మొదలగు దేవతామూర్తులతో, 1616 అనియో 1717 అనియో 1818 అనియో సంవత్సరము వేసి, కంపెనీ అణాలని ప్రకటింపబడు బిళ్ళలు కొల్లలు. కంపెనీ అట్టి నాణెములను ఎన్నడును ముద్రింపలేదు. అవి ఏ అసలు నాణెమునకును నకలు కూడ కావు, కేవల కల్పితములు. కంపెనీ తన పరిపాలనలోని ప్రదేశముల కన్నిటికిని ఏకరీతి నాణెములను ముద్రించినది 1835నుండి. ఆ రాగి అణాభాగములమీద నున్నది సింహముల నడుమ కంపెనీ బిరుదుచిహ్నమే గాని దేవతామూర్తి కాదు. అంతకు పూర్వము 1807, 1808 ప్రాంతమున మద్రాసు టంకసాలలో కొట్టిన వెండి అరవరహా పావువరహాలమీద ఒకవైపు గోపురమును, రెండవవైపు విష్ణుమూర్తియు ఉన్న మాట నిజమే. వానిమీద తెలుగు అక్షరములు కూడ కలవు. ఏడవ ఎడ్వర్డు కాలమునుండి వచ్చిన అలల అంచుగల అణాబిళ్ళమీదను 'ఒక అణా' అని మన లిపిలో వ్రాసియుండెను. అసలు చరిత్రయే ఇంత రమణీయమై, మన భాషకు ఇంత దగ్గరగా నుండగా, భక్తిని పెట్టుబడిగా చేసికొని కల్పితమైన బిళ్ళను వేలకు అమ్ముట కేవలము ధనాపహరణము గాక, మన విశ్వాసమునే అపహరించుట యగును.

వెండి రూపాయల విషయమున మోసము మరింత సూక్ష్మమైనది. 1835 మొదలు ఒక శతాబ్దమునకు పైగా రూపాయి బరువు 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు, పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు వెండి. ఈ రెండు సంఖ్యలే సామాన్యుని చేతిలోని గొప్ప ఆయుధములు. అయినను కొన్ని సంవత్సరముల రూపాయలకు మాత్రము అసాధారణమైన గిరాకి కలదు. 1911లో ముద్రించిన అయిదవ జార్జి రూపాయిమీద చక్రవర్తి ధరించిన హారమునందలి ఏనుగు పందివలె కనబడుచున్నదని ప్రజలలో అలజడి కలుగగా, ఆ నాణెములను చలామణినుండి ఉపసంహరించి మరుసటి ఏట బొమ్మను సవరించిరి. 1939 నాటి ఆరవ జార్జి రూపాయి మిక్కిలి అరుదు. దానికి ముందటి 1938 రూపాయి అంత అరుదు కాదు. చివరి యంకె ఒక్కటి మార్చినచో ధర అనేకరెట్లు పెరుగు నపుడు, ఆ యంకెను మార్చుటకు ఉలి పట్టువారు పుట్టకుందురా? తెరమీది చిత్రము ఆ అంకె చుట్టునుగల లోహము కదిలిన జాడను చూపదు. ముద్రతో కొట్టిన నాణెమునకును పోతపోసిన నాణెమునకును గల భేదము అంచున తెలియును. అంచు చిత్రమును పెట్టు విక్రేతలు అరుదు. వెండి పూత పూసిన రాగినికెలు బిళ్ళ మెరుపులో అసలును మించును. తూకమువేసి, నీట ముంచి సాంద్రతను చూచినగాని బయటపడదు. ఆ పరీక్షలు సొమ్ము చెల్లించి పొట్లము విప్పిన పిమ్మటనే సాధ్యమగుట ఈ వ్యాపారమునందలి మూలదోషము.

అలమండ సంతలో ఎద్దును కొను రైతు, పళ్ళు చూచి, గిట్టలు చూచి, నాలుగడుగులు నడిపించి, అమ్ము మనుష్యుని ఊరును పేరును విచారించి గాని బేరము ముగింపడు. అట్టి రైతు కుమారుడే విద్యావంతుడై, పట్టణమున ఉద్యోగి యై, అంతకు రెట్టింపు ధరగల నాణెమును ఒక్క చిత్రమును చూచి వ్రేలికొనతో కొనుచున్నాడు. దీనికి కారణము అజ్ఞానమని నేను తలపను. ఆన్‌లైను అంగడి యొక్క పేరుప్రతిష్ఠలను చూచి, అందలి ప్రతి విక్రేతకును ఆ సంస్థయే పూచీ యని భ్రమించుటయే దీనికి కారణము. వాస్తవమున ఆ సంస్థలలో పెక్కు అమ్మువానికిని కొనువానికిని నడుమ వేదికను మాత్రము సమకూర్చునవి. నాణెము ప్రామాణ్యమును అవి పరీక్షింపవు. 2020 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఈ-కామర్స్ నియమములు, అట్టి వేదికలు విక్రేతల వివరములను తెలుపవలెననియు, ఫిర్యాదును 48 గంటలలో అందినట్లు తెలిపి నెలలోపల పరిష్కరింపవలెననియు విధించినవి. ఇది మంచిదే. కాని వ్యాపారముగా గాక సొంతవస్తువును అమ్ముకొను వ్యక్తికి ఈ నియమములు వర్తింపవు. నాణెములను అమ్మువారిలో తాత పెట్టెలో దొరికినదని చెప్పుకొనువారే మెండు గదా! ఇక ఫేస్‌బుక్ గుంపులలోను, వాట్సాప్ బృందములలోను సాగు బేరములకు వేదికయు లేదు, నియమమును లేదు. సొమ్ము యూపీఐ ద్వారా వెళ్ళిన మరుక్షణమున అవతలి సంఖ్య మూగపోవును. పరీక్షాసంస్థలు పారదర్శకమైన ప్లాస్టికు పెట్టెలో బిగించి ఇచ్చు నాణెములు సురక్షితములని కొందరందురు. ఆ పెట్టెలకును, వానిమీది చీటీలకును గూడ నకళ్ళు పుట్టియుండుటచే, ఆ పెట్టె సంఖ్యను ఆ సంస్థయొక్క జాబితాతో సరిచూడక నమ్మరాదు.

కొనువానిని మాత్రమే గాక అమ్మదలచిన నిరుపేదను గూడ ఈ మాయ వదలుట లేదు. మాతా వైష్ణోదేవి బొమ్మతో 2012లో వెలువడిన అయిదు రూపాయల, పది రూపాయల నాణెములు లక్షల విలువ చేయుననియు, 786 సంఖ్యగల నోటుకు లక్షలిచ్చెద మనియు, ట్రాక్టరు బొమ్మగల అయిదు రూపాయల నోటు అదృష్టమును తెచ్చుననియు వీడియోలు వ్యాపించుచున్నవి. వానిని నమ్మి సంఖ్యకు ఫోను చేసినవానిని, ముందుగా నమోదురుసుము, పిమ్మట పన్ను, ఆ పిమ్మట రవాణాఖర్చు అని విడతలవారీగా పిండుదురు. రిజర్వు బ్యాంకు ముద్రతో నకిలీ పత్రమును గూడ పంపుదురు. ఈ సంగతిని గుర్తించియే రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రజలను హెచ్చరించుచు, పాత నోట్ల నాణెముల క్రయవిక్రయములతో తనకు సంబంధము లేదనియు, అందుకై ఎట్టి రుసుమును ఎన్నడును కోరననియు, ఎవరికిని అట్టి అధికారము నీయలేదనియు స్పష్టముగా ప్రకటించినది. సొమ్ము వచ్చుటకు క్యూఆర్ కోడును స్కాన్ చేసి పిన్ నొక్కుమని చెప్పుట మరియొక వల. యూపీఐలో పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. ఈ ఒక్క వాక్యమును ప్రతి గ్రామసచివాలయపు గోడమీదను వ్రాయదగును. ఇక బియ్యపుగింజలను ఆకర్షించు అద్భుత రాగినాణెమనియు, అందు ఇరిడియము కలదనియు, విదేశీ సంస్థలు కోట్లిచ్చి కొనుననియు నమ్మించు రైస్ పుల్లింగ్ మోసము తెలుగునాట పోలీసులు పదేపదే పట్టుకొనుచున్నదే. పొట్ట చేతబట్టుకొని హైదరాబాదునకో, చెన్నపట్టణమునకో, గల్ఫు దేశములకో వలసపోయి కూడబెట్టిన మన జిల్లాల కష్టజీవుల సొమ్ము ఈ రీతిని పోవుట చూచి మనసు మండకుండునా?

నాణెమును సేకరింపవలెనను కోరికయే తప్పని నా అభిప్రాయము కాదు. నిరపాయమైన దారి యున్నది, దానిని మనవారు చూచియే యున్నారు. నందమూరి తారక రామారావుగారి శతజయంతి సందర్భమున 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు విడుదల చేసిన నూరు రూపాయల నాణెము, సగపాలు వెండియు తక్కినది రాగి, నికెలు, తుత్తునాగములును గలదై, హైదరాబాదు టంకసాలలో ముద్రింపబడి, ఆ టంకసాలనుండియే నేరుగా ప్రజలకు అమ్మబడినది. నాణెసేకరణము పేరైనను ఎరుగని ఇండ్లవారు సైతము దానిని గౌరవముతో కొని దాచుకొనిరి. దాని లోహము తెలియును, బరువు తెలియును, ముద్రించిన చోటు తెలియును, పూచీ భారతప్రభుత్వమే. ఇట్టి స్మారకనాణెములను ప్రభుత్వ టంకసాలల అధికారిక వెబ్‌సైటునుండి ఎవరైనను తెప్పించుకొనవచ్చును. అదే నాణెము మధ్యవర్తుల చేత పడి, హెచ్చు ధరకు అమ్మజూపబడినపుడు మాత్రము, అది అసలుదో నకలుదో అను సంశయముతో బాటు, హెచ్చిన ధరకు తగిన గిరాకి రేపటికి నిలుచునా యను ప్రశ్నయు వేసికొనవలెను.

శతాబ్దములు దాటిన నాణెముల విషయమున మరియొక అపాయము చట్టమువలన కలదు; దీనిని తెలియక చిక్కులలో పడువారు పెక్కురు. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరు సంవత్సరములు దాటిన నాణెమును పురావస్తువుగానే పరిగణించును. ఈ లెక్కన 1911 నాటి పంది రూపాయి కూడ నేడు పురావస్తువే. అట్టి దానిని ప్రభుత్వము గాక ఇతరులు విదేశములకు పంపుట నేరము. ఆరు నెలలనుండి మూడేండ్లవరకు కారాగారమును జుల్మానాయును విధింపవచ్చును. పురావస్తువుల వ్యాపారమునకు లైసెన్సు కావలెను. కనుక అమెరికాలోని బంధువునకు కానుకగా పాత రూపాయిని పార్సెలులో పంపినవాడును, విదేశీ వేదికమీద అమ్మజూపినవాడును దోషి కావచ్చును. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము నేలలో దొరికిన పదిరూపాయలకు మించిన నిధిని గూర్చి కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. దాచినచో శిక్ష కలదు, తెలిపినచో దొరికినవానికిని నేల యజమానునికిని హక్కును కలదు. 'మా పొలములో దొరికినది' అని గొప్పగా ప్రకటించి ఆన్‌లైనులో అమ్మువాడు, నిజము చెప్పినచో ఈ చట్టమును అతిక్రమించుచున్నాడు, అబద్ధము చెప్పినచో కొనువానిని వంచించుచున్నాడు. రెండింటిలో ఏదైనను కొనువానికి క్షేమము కాదు.

చట్టముకంటెను నన్ను ఎక్కువగా బాధించునది మరియొక నష్టము. పొలములో దొరికిన కుండెడు నాణెములను అట్లే యుంచి, ఆ పొలము పేరు, కుండ ఆకారము, లోతు, వెంట దొరికిన పెంకులు, నాణెముల సంఖ్య వ్రాసికొన్నచో, ఆ గ్రామమున ఏ కాలమున ఏ వర్తకము సాగెనో, ఏ రాజు అధికారము ఎంతవరకు నడచెనో పండితులు చెప్పగలుగుదురు. రాజు పేరు లేని గాంగుల పణములకు ఇదియే ప్రాణము. ఆ కుండనే విడదీసి, ఒక్కొక్క నాణెమును ఒక్కొక్క ప్రకటనగా చేసి, ఢిల్లీకి నాలుగు, సూరతునకు మూడు, బెంగుళూరునకు రెండుగా పంపినచో, బంగారము మిగులును గాని సమాచారము మరల కూడదు. పగిలిన శాసనమును అతికి చదువవచ్చును. చెదరిన నిధిని మరల నిధిగా చేయుట ఎవ్వరి తరమును కాదు. చిత్రమును చూచి కొను ప్రతి క్రేతయు, తాను ఎరుగకయే, ఈ చెదరగొట్టుటకు కూలి చెల్లించుచున్నాడు. నకిలీని కొన్నచో ధనము పోవును. అసలును కొన్నచో ఒక గ్రామము చరిత్ర పోవును. ఈ మాట కఠినముగా తోచినను సత్యము.

ఆన్‌లైను అంగడివలన మేలు లేదని వాదించుట న్యాయము కాదు. పాలకొండలోనో ఇచ్ఛాపురములోనో ఉన్న విద్యార్థి, పూర్వము మద్రాసు మ్యూజియమునకు పోయినగాని చూడజాలని నాణెములను నేడు ఇంటినుండియే చూచుచున్నాడు. నిజాయితీగల వర్తకులు తమ వస్తువుల తూకమును, కొలతను, అంచును సహా చూపి, తిరిగి పుచ్చుకొను షరతుతో అమ్ముచున్నారు. సేకరణకు విలువకట్టు ధరల పోలిక అందరికిని అందుబాటులోనికి వచ్చినది. కొనువారు సొంత వివేకముతో మెలగినచో చాలదా యని కొందరడుగుదురు. చాలదు. ఔషధమును కొనువాడు రసాయనశాస్త్రజ్ఞుడు కానక్కరలేదని ఒప్పుకొన్న సమాజము, నాణెమును కొనువాడు మాత్రము లిపిశాస్త్రజ్ఞుడును లోహపరీక్షకుడును కావలెనని పట్టుబట్టుట ఎట్లు? వివేకము కొనువాని ధర్మము. ప్రామాణ్యము అమ్ముచోటి ధర్మము. మొదటిదానిని బోధించి రెండవదానిని విడిచిపెట్టుట మోసగానికి సాయపడుట యగును.

కొనువారి ధర్మము కొలదిపాటిదే. ముందు పుస్తకము, పిమ్మట నాణెము అను నియమము చాలవరకు రక్షించును: ఏ రకమును సేకరింపదలచిరో దాని తూకము, కొలత, ముద్రలు, ప్రసిద్ధమైన నకళ్ళు తెలిసికొనక పైకము చెల్లింపరాదు. రెండు ముఖములతోబాటు అంచును, తూకపు యంత్రముమీది సంఖ్యను చూపు చిత్రములు లేనిచో అడుగవలెను; ఈయనన్నచో విడువవలెను. బిల్లు, విక్రేత పూర్తి చిరునామా, తిరిగి పుచ్చుకొను గడువు వ్రాతలో నుండవలెను. పార్సెలు విప్పునపుడు వీడియో తీయుట ఉచితము. పాత నాణెమును చింతపండుతోనో బూడిదతోనో తోమి మెరయజేయరాదు; ఆ మెరుపుతో దాని విలువయు పోవును. మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక, ఆ గడియలోనే సైబరు నేరముల సహాయకేంద్రపు 1930 సంఖ్యకు తెలిపినచో సొమ్మును మధ్యలో నిలుపు అవకాశము కలదు. వస్తువు విషయమున 1915 వినియోగదారుల సహాయకేంద్రమునకును, మన జిల్లా వినియోగదారుల కమిషనునకును వెళ్ళవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము కొనువాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును గాని విక్రేత ఊరికి పోవలసిన పని లేదు.

ఇక ప్రభుత్వమును, వేదికలను, విద్యాలయములను అడుగవలసినది మరియొకటి కలదు. నూరేండ్లు దాటిన నాణెమును ప్రకటించు ప్రతి విక్రేతయు లైసెన్సు సంఖ్యను, ఆ నాణెము తనకు ఎట్లు సంక్రమించెనో ఆ వివరమును తెలుపనిదే ప్రకటన నిలువకుండ వేదికలు నియమము చేయవలెను; దేవతామూర్తుల కంపెనీ బిళ్ళలవంటి లోకప్రసిద్ధ కల్పితములను ఒక్క పూటలో తొలగింపవచ్చును, తొలగింపకుండుటకు కారణమేమియు లేదు. పురావస్తుశాఖవారు శాలిహుండపు మ్యూజియమువద్దను, విజయనగరమునను నెలకొకపర్యాయమైనను నాణెపరీక్షాదినమును ఏర్పరచి, ఎవరైనను తమ ఇంటి నాణెమును తెచ్చి, భయము లేక, రుసుము లేక, అది ఏమిటో తెలిసికొనునట్లు చేయవలెను. నేలలో దొరికినదానిని తెలిపినవానికి చట్టము ఇచ్చు హక్కును గూడ అచ్చటనే వివరింపవలెను. పొలములో నాణెము దొరికిన రైతు దానిని దాచుటకు హేతువు దురాశకంటె భయమే; ఆ భయము తీరినచో ఆన్‌లైను అంగడికి పోవు సరకులో సగము ఆగును. ఎచ్చెర్లలోని అంబేద్కరు విశ్వవిద్యాలయమును, విజయనగరపు మహారాజా కళాశాలయు చరిత్రవిద్యార్థులచేత ఈ రెండు జిల్లాల ఇండ్లలోని నాణెముల పట్టికను గ్రామగ్రామమునను తయారుచేయించినచో, అది గిడుగువారి పనికి కొనసాగింపగును. పరీక్షింపక నమ్మరాదని, చోటు తెలియక చదువరాదని ఆయన తన ఊరికి చేరువనున్న ముఖలింగపు గుడిగోడలమీద సాధించి చూపిన సూత్రమును, ఆయన పుట్టిన జిల్లావారమైన మనము కొనుగోలులోను అమ్మకములోను పాటించుట మన బాధ్యత. ప్రభుత్వముచే పాటింపజేయుట మన హక్కు.